మేనత్త నొక్కిన ‘సరే’

మా వవావు దీవిలో దుకాణం పెట్టినవాళ్ళు ముందుగా నేర్చుకోవలసింది తూకం కాదు, లేదని చెప్పడం. అడిగినవాళ్ళ మొహం మీద లేదనడం మా టోంగా వాళ్ళలో మహా తప్పు. చుట్టం వచ్చి “నీ చాప బాగుందే” అన్నాడంటే దాన్ని చుట్టి అతని చంకలో పెట్టి పంపాలి. ఆ లెక్కన నడిపితే ఏ దుకాణమూ నెల తిరక్కుండా మూతపడుతుంది. అందుకని మేం కొన్ని దొడ్డిదారులు కనిపెట్టుకున్నాం. “సరుకు పడవలో ఉంది”, “రేపు రా”, “గోదాము తాళం మా ఆయన దగ్గరుంది”. నాకు పెళ్ళే కాలేదు. అయినా తాళం మా ఆయన దగ్గరుందని చెప్పిన రోజులున్నాయి. దాన్నెవరూ అబద్ధం కింద జమకట్టరు. సినీవా మర్యాదగా లేదందని అర్థం చేసుకుని వెళ్ళిపోతారు.

ఈ విద్య మా లేసియేలి అత్తకు పట్టుబడలేదు. ఆమె మా నాన్నకు అక్క. మాలో మేనత్తది ఇంట్లో అందరికన్నా పెద్ద పీట. నాన్నతోనైనా వాదించవచ్చు గాని మేనత్త మాటకు అడ్డం చెప్పకూడదు. ఆమె అడిగింది ఇవ్వాలి, ఆమె చేసింది ఒప్పుకోవాలి. అంత హక్కున్న మనిషి అయి ఉండి అత్త మాత్రం ఎవరినీ ఏమీ అడగదు. తనను అడిగినవాళ్ళకు అన్నీ ఇచ్చేస్తుంది. ఆమె ఇంట్లో ఇప్పుడు మిగిలినవి ఒక మంచం, ఒక బైబిలు, మూత లేని కెటిలు. ఇన్నేళ్ళుగా నేను ఆ మంచితనానికి లెక్క కట్టలేదు. నా సొమ్ము కాదు కదా! లాప్‌టాప్ వచ్చాక కట్టవలసి వచ్చింది.

మా ఊరి ఆడవాళ్ళు నారబట్ట చేస్తారు. చెట్టు బెరడు ఒలిచి నానబెట్టి, కొయ్య సుత్తులతో కొట్టి పలచన చేసి, ముక్కకు ముక్క జిగురుతో అతికించి, పసరు రంగుతో బొమ్మలు దిద్దుతారు. పెళ్ళయినా చావయినా ఆ బట్ట పరవకపోతే మా వాళ్ళకు తల ఎత్తుకోవడం ఉండదు. న్యూజిలాండ్‌లో స్థిరపడినవాళ్ళకు అక్కడ బెరడు దొరకదు, కొట్టే ఓపికా లేదు. అందుకని అక్కడి ఆడవాళ్ళ జట్టు ఒకటి, ఇక్కడి జట్టు ఒకటి మాట కలుపుకుంటాయి. మేం బట్ట ఇస్తాం, వాళ్ళు మాకు కావలసింది పంపుతారు. జట్టుకు పెద్ద లేసియేలి అత్త. పేరు ఆమెది, మధ్యలో మాట నడిపే పని నాది.

ఈసారి మేం అడిగింది నీళ్ళ ట్యాంకు. మా ఊరి బావి నీళ్ళు నోట పెట్టలేం, ఉప్పు. చర్చి కప్పు మీద పడిన వాన నీళ్ళే అందరికీ దిక్కు. ఆ నీళ్ళు పట్టే పాత ట్యాంకు నెర్రెలిచ్చి కారిపోతోంది. వానలు ఆగి అప్పటికే చాలా కాలమైంది. ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని పక్క ఊరికి నడుస్తున్నారు. ఆ ఊరివాళ్ళు కాదనరు గాని, మమ్మల్ని చూడగానే వాళ్ళ కుక్కలు కూడా లేచి పక్కకు పోతున్నాయి. ఆక్లండ్ జట్టు ట్యాంకు, రేకులు, గొట్టాలు పంపితే మేం పొడుగాటి బట్ట ఒకటి పంపుతాం. అదీ బేరం. కాకపోతే బట్టను కళ్ళతో చూశాకే మాట ఖాయం.

చూపించడం ఇప్పుడు వీడియోలోనే. ఆక్లండ్ వాళ్ళే పోయిన క్రిస్మస్‌కు పాత లాప్‌టాప్ ఒకటి పంపారు. అది చర్చి హాల్లో అత్త కుర్చీ పక్కన ఉంటుంది. దానికి ఇంటర్నెట్ డేటా వేయించేది నేను.

మొదటిసారి చూపించిన రోజు బట్టను హాలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరిచాం. తెర మీద ఆక్లండ్ ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ పెద్ద అకేసా కళ్ళజోడు సర్దుకుని “అంచు చూపించండమ్మా, అంచు” అంది. మా జట్టులోని వైమొవానా అంచు పట్టుకుని పైకెత్తింది. సరిగ్గా అప్పుడు తెర నీలంగా మారిపోయింది. మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. కింద ఒక వాక్యం: అప్‌డేట్ జరుగుతోంది, యంత్రాన్ని ఆపవద్దు.

“ఏమంటోందే?” అంది వైమొవానా, అంచు పట్టుకునే.

“దాన్ని ఆపొద్దంటోంది.”

“మనల్ని ఆపి, తనని ఆపొద్దంటుందా? మా అత్తగారి కంటే ఘటికురాలే ఇది!”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కూర్చున్నాం. చేతులు నొప్పెట్టి వైమొవానా అంచు కింద పెట్టింది. కొందరు ఇంటికి వెళ్ళి పొయ్యిలో కర్రలు ఎగదోసి వచ్చారు. చివరికి యంత్రం లేచింది. లేచి, నాకు అక్కర్లేని కొత్త గడియారం, నాకు తెలియని ఏదో నగరం వాతావరణం, చెప్పుల ప్రకటన చూపించింది. వీడియో తెరవబోతే డేటా అయిపోయింది. పడవ బియ్యమంతా ఎలుకలు తిని, ఖాళీ గోనెలు మడతపెట్టి మన చేతికిచ్చినట్టయింది.

అకేసా నా ఫోనుకు చేసింది.

“సినీవా! మీ హాలు కప్పు లేచిపోయిందనుకున్నామే. ఏమైంది?”

“యంత్రం అప్‌డేట్ అయ్యింది వదినా.”

“అది కాస్తా మాతో మాట్లాడాక చేసుకోకూడదా?”

“దాన్ని నేను కన్నానా వదినా, నా మాట వినడానికి?”

“సరేలే. మా పాస్టరుగారి అమ్మాయి పెళ్ళి దగ్గరపడుతోంది. వచ్చే శుక్రవారం పాటల సాధన అయ్యాక చూస్తాం. ముందే చెబుతున్నా, ఆ రోజే హాపై దీవి వాళ్ళ బట్ట కూడా చూస్తున్నాం. మళ్ళీ ఇలాగైతే నేను ఎంత సర్దినా మా వాళ్ళు ఆగరు.”

హాపై వాళ్ళ బట్ట ఎలా ఉంటుందో నాకు తెలుసు. మాకంటే బాగుండదు. కాని సమయానికి కనబడిన సరుకే సరుకు. గోదాములో ఉన్న మేలిరకం కంటే బల్ల మీద ఉన్న నాసిరకం ముందు అమ్ముడవుతుంది.

అప్‌డేట్ దానంతట అది మొదలైందా, ఎవరైనా మొదలుపెట్టారా అన్నది తేల్చుకోవాలి. అత్తను నిలదీయకూడదు. అరటిపళ్ళు పట్టుకెళ్ళి పక్కన కూర్చున్నాను.

“యంత్రాలు దరిద్రపువి అత్తా. దానికదే అలా చేసేసుకుంటుంది కాబోలు.”

“దాన్ని అనకు. దానికదేం చేసుకోలేదు. నన్ను అడిగింది. నేను సరే అన్నాను.”

“ఏమని అడిగింది?”

“నీకంటే మర్యాదగా అడిగింది. ‘మీ కోసం కొత్తవి సిద్ధంగా ఉన్నాయి, ఇప్పుడు చేయమంటారా, కాసేపాగి చేయమంటారా?’ అని. నీలాంటి వాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడి అడుగుతారు. అది ఎప్పుడు అడిగినా ‘దయచేసి’ అంటుంది.”

“కాసేపాగి అనొచ్చు కదా అత్తా?”

“అంటే మళ్ళీ వచ్చి అడిగించుకోవాలా? ఇచ్చేది అప్పుడే ఇవ్వాలి. పైగా చూడు, వద్దనే గడి అసలు లేనేలేదు. దాన్ని చేసినవాడు మన టోంగా వాడే అయ్యుంటాడు.”

ఆమె చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి లేదు. నేను నా దుకాణంలో చేసేదే ఆ యంత్రం తిప్పి చేస్తోంది. నేను లేదనకుండా లేదంటాను. అది అడగనట్టు అడిగి లాక్కుంటుంది. నా వృత్తివాళ్ళెవరో చాలా తెలివిగా తయారు చేశారు దాన్ని.

మరునాడు రేవుకు వెళ్ళాను. చలికాలంలో మా రేవు నిండా తెరచాప పడవలే. వాటిల్లో ఎల్కె అనే జర్మను మనిషి ఒకామె ఒంటరిగా పడవ నడుపుకుంటూ ఏటా వస్తుంది. ఉల్లిపాయలు, గ్యాసు, అరటిపళ్ళు నా దగ్గరే కొంటుంది. ఆమె పడవలో కంప్యూటరు ఉంది, సముద్రం మధ్యలో కూడా వాతావరణం చూసుకుంటుంది. నా బాధంతా విని పెద్దగా నవ్వింది.

“మాకు సముద్రంలో ఇంటర్నెట్ చుక్కలు చుక్కలుగా వస్తుంది సినీవా. అప్‌డేట్‌కి సరే అన్నానంటే తుఫాను ఎటు వస్తోందో తెలియకుండా చస్తాను.”

“మరి ఏం చేస్తావు?”

“నేర్పుతాను. ఏమిస్తావు?”

“ఒక అరటి గెల.”

“గెల, బొప్పాయిలు.”

“గెల ఇస్తాను. నేర్పింది పనిచేస్తే బొప్పాయిలు.”

ఆమె ఒప్పుకుంది. బేరమాడే మనిషితో పని సుఖం. ఎక్కడ నిలబడ్డామో ఇద్దరికీ తెలుస్తుంది.

ఎల్కె హాలుకు వచ్చి రెండు పనులు చేసింది. ఇక్కడి ఇంటర్నెట్ కొలిచి అమ్మేదని యంత్రానికి చెప్పింది. అలా చెబితే అది పెద్ద పెద్ద సరుకు తనంతట తాను దింపుకోదట. “ఎవరైనా సరే అని నొక్కితే మాత్రం నేనేం చేయలేను” అని కూడా అంది. ఆ మాట అత్తకు వినబడలేదు, లేదా వినబడనట్టు ఉంది.

రెండో పని బ్రౌజర్. వీడియో పేజీ తెరిచేది బ్రౌజర్లోనే. యంత్రంతో పాటు పుట్టిన బ్రౌజర్ తెరవగానే వార్తలు, బొమ్మలు, ప్రకటనలు దింపుకుని, ఆ తర్వాత గాని మన పని మొదలుపెట్టదు. ఎల్కె తన పెన్‌డ్రైవ్‌లో ఇంకో రెండు తెచ్చింది. ఒకటి లోకమంతా వాడేది, ఒకటి ఆమె పడవలో వాడే బక్కది.

ఎవరో మంచిదన్నారని నేను పిండి బస్తా కూడా కొనను. రెండు పళ్ళాల్లో రెండు రకాల పిండి వేసి, ఒకే కొలత నీళ్ళు పోసి కలిపి చూస్తాను. ఇక్కడా అదే చేశాను. మూడింట్లోనూ ఒకే పేజీ తెరిచి, వంటకు పట్టేంత సేపు వదిలేసి, ఏది ఎంత డేటా తిన్నదో చూశాను. యంత్రంతో పుట్టిన ఆ పుట్టిల్లు బ్రౌజర్ ఊరందరి విందు ఒక్కతే తినేసింది. లోకమంతా వాడేది చురుకైనదే, కాని అడుగడుక్కీ పేరు నమోదు చేసుకోమంటుంది. మూడోది రంగు వేయని పడవలా బోసిగా ఉంది. తిండి తక్కువ, మాట తక్కువ. దాన్నే తీసుకున్నాను.

తీసుకున్నానే గాని అక్కడితో అయిపోతే ఇంత కథ ఎందుకు? వీడియో పేజీ తెరవబోతే ‘మీ బ్రౌజర్‌ను మేము అనుమతించము’ అంది. నాకు ఒళ్ళు మండింది. డేటా నాది, యంత్రం మాది, బట్ట మాది. మధ్యలో గుమ్మం దగ్గర నిలబడి చెప్పులు బాగాలేవు, లోపలికి రావద్దనడానికి వీడెవడు?

ఎల్కె ఏదో నొక్కింది. “ఇప్పుడు ఈ బక్కది తన పేరు అడిగితే లోకమంతా వాడే దాని పేరు చెబుతుంది.”

“అబద్ధమా?”

“అబద్ధమే.”

పేజీ నిమిషంలో తెరుచుకుంది. పేరు తప్ప ఏమీ మారలేదు. అంతవరకు పనికిరానిది పేరు మార్చుకోగానే పనికొచ్చింది. అత్త కుర్చీలోంచి చూస్తూ “ఆ పిల్ల యంత్రానికి దొంగమాటలు నేర్పుతోందే” అంది. ఎల్కెకు బొప్పాయిలు ఇచ్చేశాను. మాట మాటే.

ఆ వారమంతా నేను ప్రశాంతంగా ఉండవలసింది. కాని పుట్టిల్లు బ్రౌజర్ వదిలితేనా! మూసేస్తే మూలనుంచి తొంగిచూస్తుంది. ‘మీరు మమ్మల్ని వదిలి వెళ్ళారు, మళ్ళీ ప్రయత్నిస్తారా?’ అని ఒకరోజు. ‘మీ భద్రత కోసం పాత ఏర్పాట్లకు మారమంటారా?’ అని ఇంకోరోజు. నేను వద్దని తీసేసిన గుర్తు మర్నాటికి మళ్ళీ అదే చోట కూర్చుని ఉంది. నెట్టేసిన కుక్కపిల్ల మళ్ళీ వచ్చి కాళ్ళ దగ్గర పడుకున్నట్టు.

“పాపం, అడుగుతోందే” అంది అత్త.

“వాళ్ళు అలాగే అడుగుతారు అత్తా.”

“ఇన్ని రోజులు పనిచేసింది కదా, ఒక్కసారి చూడకూడదూ? ఊరికే వెళ్ళగొట్టావు.”

బుధవారానికి ఆమె దయ వల్ల అది మళ్ళీ తన పీఠం ఎక్కింది. నేను దించాను. గురువారం మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దించాను. అత్తా, దాన్ని ముట్టుకోవద్దు అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోయేది. అలా అనడం కంటే ట్యాంకు కోసం మోకాళ్ళ మీద ఆక్లండ్ దాకా నడవడం తేలిక.

యంత్రం మీద గుడ్డ కప్పాను. అత్త ఆ గుడ్డను ఉతికి, మడతపెట్టి ఇచ్చింది. యంత్రం మా దుకాణంలో పెట్టుకుంటానంటే “హాలు సొత్తు హాల్లో ఉండాలి” అంది. చివరికి వైమొవానాను పక్కకు పిలిచాను.

“శుక్రవారం యంత్రం ముందు నువ్వు కూర్చో. అత్తను అటు దూరంగా, ఫ్యాను కింద కూర్చోబెడదాం.”

“నీకేమైనా పిచ్చా? జట్టు పెద్దను మూలకు నెట్టి నేను ముందు కూర్చోనా? ఆక్లండ్ వాళ్ళు చూస్తే ఏమంటారు? బట్ట సంగతి దేవుడెరుగు, నన్ను చర్చిలో కూడా కూర్చోనివ్వరు.”

“అయితే కనీసం నువ్వు పక్కన ఉండి చూసుకో.”

“చూసుకుని ఏం చేయను? చెయ్యి పట్టుకోనా? నాకు మేనత్త కాదులే, నీకే. నువ్వే పట్టుకో.”

ఎక్కడ పెద్దవాళ్ళుంటారో అక్కడే అందరి చూపూ ఉండాలి. యంత్రమూ అక్కడే ఉండాలి. ఎవరు ఎటు తిప్పినా లెక్క అక్కడికే వచ్చి ఆగింది.

శుక్రవారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. బట్ట పరిచాం. అత్త నల్ల దుస్తుల మీద మా మర్యాద ప్రకారం నడుముకు కొత్త చాప చుట్టుకుని, తలకు నూనె రాసుకుని, యంత్రం ముందు రాణిలా కూర్చుంది. నేను ఆమె కుడిపక్కన, కాస్త కిందగా. బక్క బ్రౌజర్ తెరిచి ఉంది. డేటా నిండుగా వేయించాను. తెర మీద ఆక్లండ్ ఆడవాళ్ళు కనబడగానే మావాళ్ళు పాట ఎత్తుకున్నారు, వాళ్ళూ అందుకున్నారు. ప్రార్థన అయింది. నేను మాత్రం తెర కింది మూల మీంచి కళ్ళు తిప్పలేదు.

“అంచు చూపించండమ్మా” అంది అకేసా.

చూపించాం. నడుమ బొమ్మలు చూపించాం. అతుకులు చూపించమంది ఎవరో ముసలామె. “ఎండకు ఎదురుగా పట్టండి, పలచబడిందేమో చూస్తాను.” వైమొవానా, ఇంకో నలుగురు కిటికీ వైపు ఎత్తిపట్టారు. బట్టలోంచి వెలుగు తేనె రంగులో వచ్చింది. ఎక్కడా చిల్లు లేదు. ఆక్లండ్ వైపు గుసగుసలు మొదలయ్యాయి. బేరంలో ఆ గుసగుసలు మంచి గుర్తు. నచ్చకపోతే పొగుడుతారు, నచ్చితేనే గుసగుసలాడతారు.

“ట్యాంకు ఒకే సరుకులో పంపగలం” అంది అకేసా, “రేకుల విషయం...”

అప్పుడు తెర కింది మూలలో గడి లేచింది. ‘ముఖ్యమైన అప్‌డేట్ సిద్ధంగా ఉంది. దయచేసి యంత్రాన్ని తిరిగి మొదలుపెట్టనివ్వండి.’ ఇప్పుడు, కాసేపాగి. అత్త చెయ్యి ఒళ్ళోంచి లేచింది. తొందరేం లేదు ఆమెకు. వచ్చిన మనిషికి కుర్చీ చూపించడానికి లేచినంత సహజంగా లేచింది. కళ్ళు అకేసా మీదే ఉన్నాయి. వేలు మాత్రం ‘ఇప్పుడు’ మీదికి పోతోంది.

“వద్దు అత్తా!”

అరిచాను. అరవడమే కాదు, ఆమె మణికట్టు పట్టుకున్నాను.

హాలు ఆగిపోయింది. బట్ట ఎత్తిపట్టుకున్న వాళ్ళు అలాగే నిలబడ్డారు. తెర మీద కూడా ఎవరూ కదలలేదు. ఒక్క క్షణం బొమ్మ ఇరుక్కుపోయిందేమో అనుకున్నాను. ఇరుక్కోలేదు. వాళ్ళూ చూశారు. తమ్ముడి కూతురు మేనత్త చెయ్యి పట్టి ఆపడం, పదిమందిలో, రెండు దేశాల ముందు.

లెక్క నాకు వెంటనే అర్థమైంది. యంత్రం నిలబడింది. నేను పడిపోయాను. పెద్దను అవమానించిన ఊరి నుంచి పెళ్ళి బట్ట తీసుకుంటారా ఎవరైనా? పెళ్ళికూతురి కాళ్ళ కింద పరిచే బట్ట అది. ట్యాంకును కాపాడబోయి ట్యాంకు మీదే పడ్డాను.

“నా చెయ్యి” అంది అత్త.

వదిలేశాను. కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని తల వంచేశాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అత్త మీద కాదు. ఆ మూలన ఇంకా ఓపిగ్గా నిలబడి ఉన్న ఆ గడి మీద. నా చేత జన్మలో చేయని పని చేయించి, అది మాత్రం ‘దయచేసి’ అంటూ నవ్వుతోంది.

“అత్తయ్యగారూ” అంది అకేసా తెరలోంచి, నెమ్మదిగా, “అక్కడ అంతా బాగానే ఉందా?”

అత్త జవాబు చెప్పే ముందు నడుము చాప సర్దుకుంది. ఆమె ‘లేదు’ అంటే అయిపోయినట్టే. ఆమె ఎప్పుడూ ఎవరికీ లేదనలేదన్నది నాకప్పుడు గుర్తు రాలేదు.

“బాగానే ఉందమ్మా. మా పిల్లకు నీళ్ళు మోసి మోసి మతి చెడింది. డబ్బాతో మూడు ఊళ్ళు తిరిగే ఆడదానికి మర్యాద ఎక్కడ నిలుస్తుంది? మీరు ట్యాంకు పంపండి, కుదురుతుంది.”

ఆక్లండ్ వైపు ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. మా హాల్లో నవ్వు ఆఖరికి వచ్చింది, కాని వచ్చింది. మూడు ఊళ్ళు కాదు, ఒక్క ఊరే. అత్త లెక్కలో ఎప్పుడూ కాస్త పెంచుతుంది. అకేసా రేకులు, గొట్టాలు, చివర బిగించే కుళాయిలతో సహా పంపుతామంది. హాపై వాళ్ళ బట్ట సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రార్థన చేసి ముగించాం.

నేను నేల మీదే ఉన్నాను. అందరూ బట్ట చుడుతున్నారు. వైమొవానా నా పక్కనుంచి పోతూ “బతికావు పో” అంది. అత్త నావైపు చూడలేదు. లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

క్షమాపణ అడగడానికి ఖాళీ చేతులతో పోకూడదు. శనివారం పొద్దున్న నా పెట్టెలో ఉన్న మంచి చాప, మా అమ్మ నేసింది, తీసుకుని ఆమె గుమ్మంలో కూర్చున్నాను. అత్త చాప అందుకుని, ఆ కొస ఈ కొస చూసి, పక్కన పెట్టింది. అంటే క్షమించినట్టే. లేద్దామనుకుంటున్నాను.

“నాకొకటి కావాలే” అంది అత్త.

నా వయసంతటిలో ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

“చెప్పు అత్తా.”

“ఆ యంత్రం నా ఇంట్లో పెట్టు. ట్యాంకు వచ్చేదాకా అకేసాతో నేనే మాట్లాడతాను. నీకు తొందరెక్కువ. డేటా ఎప్పటిలాగే నువ్వు వేయించు.”

హాలు సొత్తు హాల్లో ఉండాలన్నది ఈమే కదా అని గుర్తుచేయవచ్చు. నిన్నటి తర్వాత ఏ నోటితో గుర్తుచేస్తాను? తాళం మా ఆయన దగ్గరుందనలేను. పడవలో ఉందనలేను. రేపు అనలేను, రేపు ఆదివారం, మా దీవిలో ఆ రోజు ఎవరూ పని ముట్టుకోరు. నేనే మోసుకొచ్చి ఆమె మంచం పక్కన, నా దుకాణం నుంచి తెచ్చిన ఖాళీ పెట్టెమీద పెట్టి, వైరు బిగించాను.

తెర వెలిగింది. బక్క బ్రౌజర్ గుర్తు, పుట్టిల్లు బ్రౌజర్ గుర్తు పక్కపక్కన ఉన్నాయి. వాటి కింద గడి లేచింది. నిన్నటిదే. ఒక్కరోజు కూడా అలగలేదు.

అత్త కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో మాటా పైకి చదివింది. చదివి, తలతిప్పి నన్ను చూసింది. చూస్తూనే వేలు ఎత్తింది. ఎత్తి, నా మొహంలో ఏం కనబడుతుందా అని ఆగింది.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఎవరో ఖాళీ డబ్బాలు ఊపుకుంటూ పక్క ఊరి దారి పట్టారు.

“ఇప్పుడేం తొందర పని లేదుగా?” అంది అత్త.

“ఏం లేదు అత్తా.”

నొక్కింది. తెర నీలమైంది, చుక్కలు తిరగసాగాయి. అత్త చాప సర్దుకుని దాని ముందు కుదురుగా కూర్చుంది.

“నువ్వు పోయి డేటా వేయించుకురా” అంది. “దీనికి సరిపోయేట్టు లేదు.”